అప్‌డేట్: వీసీ సంస్థలో ఈఐఆర్ ఆఫర్ – చేరిపోయాను

కంపెనీ అమ్మేశాక స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే ఒక వెంచర్ క్యాపిటల్ (వీసీ) సంస్థ ‘ఆంత్రప్రెన్యూర్ ఇన్ రెసిడెన్స్’ (ఈఐఆర్)గా, అంటే కొన్నాళ్లు వాళ్ల దగ్గరే ఉంటూ కొత్త కంపెనీ ఐడియా మీద పనిచేసుకోవడానికి రమ్మంది, వెళ్లాలా వద్దా అని మిమ్మల్ని అడిగాను కదా. వెళ్లాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

“జీతం సంగతి తర్వాత, ముందు ఐడియా ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి” అన్న సలహా ఎంతో పనికొచ్చింది. అక్కడున్నన్నాళ్లూ నేను తయారుచేసేదంతా సంస్థదేనని మొదటి డ్రాఫ్ట్‌లో ఒక లైన్ ఉంది. లాయర్‌తో మాట్లాడి మార్పించాను. ఐడియా, కోడ్ నావే. పెట్టుబడి అవకాశం మాత్రం ముందు వాళ్లకు ఇవ్వాలి. వాళ్లు జవాబు చెప్పడానికి గడువు కూడా రాయించాను. దగ్గరుండి చూసినవాళ్లే పెట్టుబడి పెట్టకపోతే బయటి ఇన్వెస్టర్లకు అనుమానం రావడం సహజం, ఆలస్యమైతే అది ఇంకా పెరుగుతుంది.

ఇక రోజువారీ పని: సగం నా ఐడియా, సగం వాళ్ల దగ్గరికొచ్చే స్టార్టప్‌ల పరిశీలన. మొన్న ఒక స్టార్టప్ కస్టమర్‌కి ఫోన్ చేసి, “రేపు ఈ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఏం చేస్తారు?” అని అడిగాను. “మళ్లీ ఎక్సెల్‌లో చేసుకుంటాం” అన్నారు తడుముకోకుండా. ఇలాంటి మాట ఏ ప్రెజెంటేషన్‌లోనూ దొరకదు.

“ఈ పాత్ర నుంచి నిజంగా కంపెనీలు పుడతాయా?” అని అడిగినవారికి: జెఫ్ హమ్మర్‌బాకర్ ఫేస్‌బుక్ వదిలి ఆక్సెల్ అనే వీసీ సంస్థలో ఈఐఆర్‌గా ఉండి, 2008లో మరికొందరితో కలిసి క్లౌడెరా అనే డేటా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు.

నా ఒప్పందం ఆరు నెలలకే. పొడిగించాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి.