‘డ్రై వైన్’ తెలుగులో: పొడి కాదు, వగరూ కాదు

పాళీ: అమెరికాలో మిస్సోరీ నది ఒడ్డున హెర్మన్ అనే చిన్న ఊళ్లో కుటుంబాలు నడిపే వైనరీలు, అంటే వైన్ చేసే చోట్లు, చాలా ఉన్నాయి. అక్కడ రుచి చూపించే బల్ల మీద ఒక కాగితం పెడతారు. అందులో డ్రై, సెమీ డ్రై, స్వీట్ అని వరసలుంటాయి. తెలుగు సందర్శకుల కోసం దాన్ని తెలుగు చేయాలి. ‘పొడి వైన్’, ‘శుష్క మద్యం’ అని రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఏది నిలుస్తుంది?

ముంత: రెండూ నిలవవు పాళీ గారూ. ‘పొడి’ అనగానే మనకు కందిపొడి గుర్తొస్తుంది, లేదా తడి ఆరిన బట్ట. ‘శుష్క’ అంటే చిక్కి ఎండిపోయినదని. అసలీ పోలిక యూరప్ వాళ్లది. జర్మన్లు ‘ట్రోకెన్’ అంటారు, ఫ్రెంచివాళ్లు ‘సెక్’ అంటారు, ఇటలీవాళ్లు ‘సెక్కో’ అంటారు. మూడింటికీ ఎండినదనే అర్థం. హెర్మన్‌ను 1837లో స్థాపించింది జర్మన్లే, కాబట్టి ఆ మాట అక్కడ ఇంటిమాటే. మనకు ఆ పోలిక లేదు. అందుకని మాటను వదిలి విషయాన్ని తెలుగు చేయాలి.

విషయం ఇదీ. ద్రాక్షరసం 22 బ్రిక్స్ ఉందంటే నూరు గ్రాముల రసంలో సుమారు 22 గ్రాముల చక్కెర ఉన్నట్టు. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. 22ను 0.55తో గుణిస్తే దాదాపు 12 శాతం ఆల్కహాల్ వస్తుందని లెక్క. చక్కెర అంతా అయిపోయేదాకా పులవనిస్తే అదే డ్రై. యూరప్ నిబంధన ప్రకారం లీటరుకు 4 గ్రాములకు మించి చక్కెర మిగలకూడదు. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు.

రేగడి: మరి డ్రై వైన్ తాగితే నాలుక పిడచకట్టుకుపోతుందంటారు కదా? ఆ లెక్కన ‘పొడి’ తప్పెలా అవుతుంది?

ముంత: మంచి ప్రశ్న. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. నాలుకను పట్టేసేది వగరు, అంటే టానిన్. అది ద్రాక్షతొక్కలు, గింజలు, ఓక్ పీపాల నుంచి వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తుంది. నోట్లో జారుడుతనం పోయి గరుకుగా తోస్తుంది. కరక్కాయ నమిలితే అయ్యేదీ అదే. తోళ్లు పదును చేయడానికి తంగేడు చెక్క పనికొచ్చేదీ అందులోని టానిన్ వల్లనే. ఇంగ్లిషులో మామూలు మనిషి నోట ఈ వగరుకు సరైన మాట లేక దాన్నీ డ్రై అనేస్తారు. మనకు షడ్రుచుల్లోనే వగరు ఉంది, ఉగాది పచ్చడి తిన్న పిల్లవాడికి కూడా తెలుసు. ఇంత మంచి మాట చేతిలో పెట్టుకుని రెండింటినీ ‘పొడి’లో కలిపేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒక్క వైన్‌తో తేడా చూడండి. నార్టన్ మిస్సోరీ రాష్ట్రపు అధికారిక ద్రాక్ష, 2003 నుంచి. చిక్కటి రంగు, గట్టి పులుపు. దాని వైన్‌ను ఎక్కువగా డ్రైగానే చేస్తారు. కానీ అందులో ముందు తగిలేది పులుపు, వగరు తర్వాతి మాట. ‘డ్రై’ని వగరు అని అనువదిస్తే నార్టన్ తాగినవాడు మనల్ని తప్పుబడతాడు. తీపి వైన్‌లోనూ వగరు ఉండొచ్చు. రెంటికీ సంబంధం లేదు.

పాళీ: అయితే ‘తీపి విరిగిన వైన్’ అందామా? కారం విరగడానికి బెల్లం వేస్తాం కదా.

రేగడి: పాలు విరిగినట్టు చెడిందనుకునే ప్రమాదం ఉందండీ. ‘తీపి లేని వైన్’ చాలదా?

ముంత: చాలావరకు చాలుతుంది. ఒక చిక్కుంది. ట్రామినెట్ లాంటి తెల్ల వైన్‌లో చక్కెర లేకపోయినా పూల వాసన వల్ల తియ్యగా ఉన్నట్టే తోస్తుంది. అందుకే కాగితంలో ‘చక్కెర మిగలని’ అని రాసి, పక్కన లీటరుకు ఎన్ని గ్రాములో అంకె వేయండి. ఆ అంకె వైనరీవాళ్లను అడిగితే చెబుతారు. సెమీ డ్రైకి ‘చిరుతీపి’ సరిపోతుంది.

తీపి వైన్ దగ్గర ఒక వివరం కలపండి. పులవడం మధ్యలో ఆపి అయినా, చివర చక్కెరో రసమో కలిపి అయినా తీపి నిలుపుతారు. రెండు పద్ధతుల్లోనూ మళ్లీ పులవకుండా సల్ఫైట్‌తో పాటు పొటాషియం సార్బేట్ వేయడం మామూలు. సార్బేట్ ఈస్ట్‌ను చంపదు, పెరగనివ్వదు, అంతే. మడ్డి తియ్యకుండా, ఈస్ట్ గుంపులుగా ఉండగానే వేస్తే పని చేయదు. సీసాలో మళ్లీ పులిసి బిరడా ఎగిరిపోతుంది.

పాళీ: మడ్డి అన్నారు. వైన్ అడుగున దిగే ‘లీస్’కు అదే వాడొచ్చా? ‘ర్యాకింగ్’కో?

ముంత: లీస్‌కు మడ్డి కన్నా మంచి మాట దొరకదు. ర్యాకింగ్‌కు ‘తేట తేర్చడం’ అనండి. పైన తేరిన వైన్‌ను గొట్టంతో వేరే పీపాలోకి లాగి, మడ్డిని అడుగున వదిలేస్తారు. ముతక మడ్డి మీద ఎక్కువ రోజులు వదిలేస్తే కుళ్లిన గుడ్డు వాసన పట్టే ప్రమాదం ఉంది.

రేగడి: రుచి చూసే వరసను ఎలా రాస్తే బాగుంటుంది?

ముంత: ఇలా రాయండి: “ముందు చక్కెర మిగలని తెల్లవి, తర్వాత చక్కెర మిగలని ఎర్రవి, ఆ తర్వాత చిరుతీపివి, చివర తీపివి. ఒక్కో పోత సుమారు 30 మిల్లీలీటర్లు. మధ్యలో మంచినీళ్లు తాగండి. ఉమ్మడానికి పాత్ర ఉంది, మొహమాటం వద్దు.” వరస తిరగేస్తే తీపి మీద తాగిన నార్టన్ ఉత్త పులుపుగా తగులుతుంది. ఎర్ర వైన్‌ను బాగా చల్లబరిస్తే వగరు పైకి లేస్తుంది, 15 నుంచి 18 డిగ్రీలు చాలు. పక్కన చీజ్ ముక్క పెట్టేదీ అందుకే: టానిన్ ఆ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, నాలుకను వదిలేస్తుంది.

పాళీ: సరేనండి. ‘చక్కెర మిగలని’, ‘చిరుతీపి’, ‘తీపి’ మూడు వరసలు. వగరుకు పక్కన వేరే గడి. ఇలాగే దిద్దుతున్నాను.