మానిటరు లేని రాస్‌ప్‌బెర్రీ పై బూట్ మధ్యలో ఆగిపోతే కన్సోల్ చూడటం ఎలా?

ప్రశ్న:
నేను రాస్‌ప్‌బెర్రీ పై 3ను మానిటరు, కీబోర్డు లేకుండా ఇంట్లో ఫైల్ సర్వరుగా వాడుతున్నాను. యూఎస్‌బీ హార్డ్‌డిస్కు దానంతటదే మౌంట్ అయ్యేలా ఎఫ్‌స్టాబ్ ఫైలులో (బూట్‌లో ఏ డిస్కులను కలపాలో చెప్పే జాబితా) ఒక వరుస చేర్చి రీబూట్ చేసినప్పటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) కలవడం లేదు, పింగ్‌కూ (యంత్రం నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసే పరీక్ష) జవాబు లేదు. బూట్ ఎక్కడ ఆగిందో విండోస్ లాప్‌టాప్ నుంచి చూడగలనా?

మొదటి జవాబు:
చూడవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ అనేది నెట్‌వర్క్ లేచాక పనిచేసే సర్వీసు మాత్రమే కనుక, అంతకుముందే ఆగిన యంత్రంలో ఏం జరిగిందో అది చూపలేదు; అందుకు సీరియల్ కన్సోల్ (బూట్ సందేశాలను తీగల ద్వారా వేరే కంప్యూటరుకు పంపే మార్గం) కావాలి. 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ కేబుల్ (సీరియల్ తీగలను యూఎస్‌బీకి కలిపేది) తీసుకుని, దాని గ్రౌండ్ తీగను రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు 6వ పిన్నుకు, ఆర్ఎక్స్ (స్వీకరించే తీగ)ను 8వ పిన్నుకు, టీఎక్స్ (పంపే తీగ)ను 10వ పిన్నుకు కలపండి. ఎర్ర తీగలో 5 వోల్టులు ఉంటాయి, దాన్ని దేనికీ తగిలించవద్దు. ఎస్‌డీ కార్డులోని బూట్ విభాగం విండోస్‌లోనూ తెరుచుకుంటుంది కాబట్టి, అక్కడి కాన్ఫిగ్ ఫైలులో యూఆర్ట్ (సీరియల్ సందేశాలను పంపే హార్డ్‌వేర్)ను ఎనేబుల్ చేసే వరుసను 1 విలువతో చేర్చండి. రాస్‌ప్‌బెర్రీ పై 3లో అసలైన యూఆర్ట్ బ్లూటూత్‌కు వెళ్లిపోయింది. పిన్నులకు మిగిలిన మినీ యూఆర్ట్ వేగం కోర్ క్లాక్‌ను బట్టి మారుతుంది. కాన్ఫిగ్ ఫైలులో చేర్చిన వరుస ఆ క్లాక్‌ను స్థిరంగా ఉంచుతుంది, లేకుంటే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. తరువాత పుటీ అనే టెర్మినల్ ప్రోగ్రాములో 115200 వేగంతో ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చిన కామ్ పోర్టును తెరవండి.

రెండవ జవాబు:
మొదటి జవాబులోని సూచన సరైనదే గానీ, అంతటితో పని పూర్తి కాదు. రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో రూట్ (నిర్వాహకుడి) ఖాతా మామూలుగా లాక్ అయి ఉంటుంది కనుక, బూట్ విఫలమైనప్పుడు వచ్చే ఎమర్జెన్సీ మోడ్‌కు చేరినా మీకు షెల్ (ఆదేశాలు టైప్ చేసే చోటు) దొరకదు. అదే బూట్ విభాగంలోని కమాండ్‌లైన్ ఫైలు చివర ఇనిట్‌గా (కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రాముగా) బిన్ డైరెక్టరీలోని ఎస్‌హెచ్ అనే షెల్‌ను తాత్కాలికంగా ఇవ్వండి. ఆ ఫైలులో రెండు కన్సోళ్లు ఉంటే కెర్నల్ సందేశాలు రెండింటికీ వెళతాయి గానీ, షెల్ మాత్రం చివర రాసిన దానిలోనే తెరుచుకుంటుంది. అందుచేత సీరియల్‌ను టీటీవై1 (మానిటరు కన్సోల్) తరువాత ఉంచండి. ఆ ఫైలులోని పాఠమంతా ఒకే వరుసలో ఉండాలి. షెల్ వచ్చాక రూట్ ఫైల్ సిస్టమ్‌ను (వ్యవస్థ ఫైళ్లున్న విభాగాన్ని) రాయదగినట్లు రీమౌంట్ చేసి ఎఫ్‌స్టాబ్‌ను సరిదిద్దండి. నిజానికి చేతిలో లినక్స్ లాప్‌టాప్ ఉంటే ఈ తీగల తంటా ఏదీ అక్కరలేదు, కార్డును అందులో పెట్టి దిద్దితే చాలు.

మూడవ జవాబు:
సర్వర్ బోర్డులలో బీఎంసీ (యంత్రాన్ని దూరం నుంచి నిర్వహించే చిన్న చిప్) ఉంటే ఐపీఎంఐ అనే నిర్వహణ పద్ధతి ద్వారా ఇలాంటి సీరియల్ కన్సోల్ నెట్‌వర్క్ మీదుగా అందుతుంది. రాస్‌ప్‌బెర్రీ పైలో ఆ సౌకర్యం లేదు.

అడిగినవారు:
మొదటి ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదట టీఎక్స్, ఆర్ఎక్స్ తీగలు తారుమారై తెర ఖాళీగా ఉండిపోయింది. మార్చగానే సందేశాలు వచ్చాయి. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కు యూయూఐడీలో (డిస్కు గుర్తింపు సంకేతం) ఒక అక్షరం తప్పు రాశాను. అది దిద్ది, ఇకమీదట డిస్కు లేకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్ ఆప్షన్ కూడా చేర్చి, కమాండ్‌లైన్ ఫైలులో కలిపిన ఇనిట్‌ను తీసేశాను.