అప్‌డేట్: క్యూబు ఫలితం దిద్దమన్నారని అడిగాను కదా, ఏమైందంటే

నెల క్రితం నేను అడిగింది ఇదీ: విజయవాడ శివార్లలో కడుతున్న అపార్టుమెంటుకు సైట్ ఇంజినీరును. మూడో అంతస్తు స్తంభాల ఎం25 కాంక్రీటుతో బలం పరీక్షకని పోసిపెట్టిన క్యూబులు (చిన్న దిమ్మలు) 28 రోజుల పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు 19 న్యూటన్ల దగ్గరే పగిలాయి. 25 రావాలి. ‘రిజిస్టరులో 26 రాసి సంతకం పెట్టు’ అన్నారు మేనేజరు. పెట్టాలా, వద్దా?

పెట్టలేదు. వచ్చింది వచ్చినట్టే రాసి స్ట్రక్చరల్ ఇంజినీరుకు మెయిల్ పంపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? ఇంటి అప్పు కాగితాలు తీసి లెక్కలు చూసుకుంటూ కూర్చున్నాను.

స్ట్రక్చరల్ ఇంజినీరు స్తంభాల నుంచే కోర్లు (డ్రిల్లుతో తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు) తీయించమన్నారు. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు తీయాలి. వాటి సగటు బలం కావలసిన దానిలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కంటే దిగకూడదు. మా కాంక్రీటుకు ఆ అంకెలు 21.25, 18.75. సగటు 23 వచ్చింది, మూడూ నెగ్గాయి. తప్పు క్యూబులది! నీళ్ల తొట్టిలో ఉండవలసినవి బెజవాడ ఎండలో, షెడ్డు పక్కన పడి ఉన్నాయి. వాటిని చూసుకోవలసింది నేనే. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

‘చూశావా, ఊరికే హడావిడి చేశావు’ అంటున్నారు మేనేజరు. 26 రాయమన్న రోజున స్తంభాలు గట్టివని ఆయనకూ తెలియదు మరి. కోర్ల ఖర్చు నా జీతంలో కోస్తామన్నారు. ఆ మాట కాగితం మీద ఇమ్మన్నాను, ఇంతవరకూ ఇవ్వలేదు. తొట్టి మాత్రం వచ్చింది. నాలుగో అంతస్తు క్యూబులు అందులో మునిగి ఉన్నాయి, శుక్రవారం పరీక్ష.