పాత ఫ్లాట్‌లో జీఐ పైపులు మార్చాలంటే గోడలన్నీ పగలగొట్టాల్సిందేనా?

కర్నూలు నుంచి (అడిగింది నేనే):
అందరికీ నమస్తే. మాది కర్నూల్లో పాత అపార్ట్‌మెంట్, మూడంతస్తులు, మేముండేది రెండో ఫ్లోర్. 1997లో కట్టినారంట, అప్పటి జీఐ పైపులే (జింకు పూసిన ఇనుపవి) ఇప్పటికీ, అన్నీ గోడ లోపలే. పొద్దున్నే వంటింటి కొళాయి తిప్పితే మొదటి చెంబుడు నీళ్లు డికాక్షన్ రంగులో వస్తాయి, తర్వాత తేటపడతాయి. బాత్రూమ్‌లో ఫోన్‌లో టైమ్ పెట్టి చూస్తే 20 లీటర్ల బకెట్ నిండేదానికి 9 నిమిషాలు పట్టింది. ఇప్పుడు హాల్లో బాత్రూమ్ వైపు గోడకి కూడా చెమ్మ దిగి సున్నం పెచ్చులూడిపోతాంది. ఒక ప్లంబరేమో మొత్తం పగలగొట్టి మార్చాల్సిందే అంటాడు, ఇంకొకాయన చెమ్మ ఉన్న కాడ ఒక ముక్క కోసి కొత్తది వేస్తే చాలంటాడు. కింద బేతంచెర్ల బండలు, పగిలితే ఆ రంగు మళ్లీ దొరకదు, మా అత్తమ్మ అయితే ఆ బండల మీద సుత్తి పడితే ఊరుకోదు. ఎవరైనా చేయించినవాళ్లుంటే చెప్పండి.

అనంతపురం నుంచి:
అక్కా, ముక్క మాత్రం వేయించొద్దు. మేము అదే తెలివి చూపించి ఏడాదిలో మూడుసార్లు గోడ తవ్వినాం. పాత జీఐ పైపు కోసి థ్రెడ్ తీసేదానికి గట్టిగా తిప్పితే ఆ విసురుకి పక్కనున్న తుప్పు జాయింట్ కదుల్తాది, ఈరోజు ఇక్కడ బాగుచేస్తే రేపు ఆడ కారుతాది. కోసిన ముక్క ఒకటి ఇప్పటికీ దాచిపెట్టినా, ముప్పావు ఇంచు పైపు, లోపల తుప్పూ ఉప్పూ పొరలు పొరలుగా పేరుకుని మధ్యలో అగరొత్తి దూరేంత సందు మిగిలింది అంతే. మాది బోరు నీళ్లు, గిన్నెలకే తెల్లగా పేరుకుంటాది, పైపుల సంగతి చెప్పాల్నా.

కర్నూలు నుంచి (ప్లంబింగ్ పనే నాది):
అమ్మా, పైపులు కొనేదానికి ముందు అడ్డం యాడుందో చూసుకో. కొళాయి ముందున్న జాలీ విప్పి కడిగి చూడు, సగం మందికి ఆడనే తీరిపోతాది. తీరకపోతే డక్ట్‌లో (పైపులు పైనుంచి కిందికి దిగే సందులో) మీ ఇంటికి తిరిగే కాడ వాల్వ్ ఉంటాది కదా, దాని తర్వాత జాయింట్ విప్పించి బకెట్ పెట్టి చూడు. ఆడ ధారగా వచ్చి ఇంట్లో సన్నగా వస్తే తప్పు మీ పైపులది. ఆడ కూడా సన్నగానే వస్తే మిద్దె మీద నుంచి దిగే కామన్ పైపే మూసుకుపోయింది, అప్పుడు నువ్వు ఇంట్లో ఎంత ఖర్చుపెట్టినా బకెట్ నిండదు. మొదటి చెంబు తర్వాత నీళ్లు తేటపడుతున్నాయంటే రాత్రంతా నీళ్లు నిలబడిన మీ పైపుల తుప్పే అనుకుంటున్నా. అపార్ట్‌మెంట్‌లో ప్రెషర్ ట్యాంక్ ఎత్తును బట్టే, 10 మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ, మీకు ట్యాంక్ మహా అయితే ఐదారు మీటర్లు పైనుంటాది, అర కేజీ ప్రెషర్‌కి కొంచెం తుప్పు అడ్డమొచ్చినా చాలు.

పగలగొట్టే సంగతి. పాత పైపులు పీకాల్సిన పనే లేదు, మూతలేసి గోడలోనే వదిలేయండి. కొత్త లైన్ స్లాబ్ కింద గోడ పైభాగాన తీసుకుపోయి, ఒక్కో కొళాయి కాడ కిందికి దింపించుకో. దింపేకాడ మాత్రమే గాడి కొట్టాల, అదీ కటింగ్ మెషీన్‌తో, ఇటుక గోడలోనే. పిల్లర్, బీమ్ తాకనివ్వొద్దు, నాలుగించుల గోడకి అడ్డంగా గాడి కొట్టనివ్వొద్దు. మెషీన్ పెట్టే ముందు కరెంట్ మెయిన్ ఆపేయండి, లోపల వైర్లుంటాయి. మీ అత్తమ్మ బండలు భద్రం.

ఆ చెమ్మ నీళ్ల పైపుదో డ్రైనేజీదో ఎవరైనా చూసినారా?

కడప నుంచి:
వేడికీ చల్లకీ రెండింటికీ సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయించుకోండి, పైపు మీద ఐఎస్ 15778 అనే ప్రమాణం నంబర్ ఉందో లేదో చూడండి, ఎస్‌డీఆర్ 11 (పైపు గోడ మందం చెప్పే నంబర్) అడగండి, 93 డిగ్రీల దాకా తట్టుకుంటాది. తెల్ల యూపీవీసీ (మామూలు గట్టి ప్లాస్టిక్ పైపు) చల్లనీళ్లకే, గీజర్ లైన్‌కి వేస్తే మెత్తబడతాది. ఇంకో ముఖ్యమైన మాట, గమ్ కూడా సీపీవీసీదే వాడించండి. మా ఇంట్లో మేస్త్రీ చేతిలో ఉన్న యూపీవీసీ డబ్బాతోనే అతికించి, సాయంత్రమే నీళ్లు వదిలేసి పోయినాడు. రాత్రి పదకొండుకి గీజర్ కాడ ఎల్బో (పైపు మలుపు ముక్క) ఊడి వేడినీళ్లు బాత్రూమ్ దాటి హాల్లోకి వచ్చినాయి, మేము దుప్పట్లు అడ్డం పెట్టి కూర్చున్నాం. అతికించినాక 24 గంటలు ఆగి, హ్యాండ్ పంపుతో ప్రెషర్ పెట్టి చూసి, ఆ తర్వాతే సిమెంట్ పూయించండి. గీజర్‌కి నేరుగా సీపీవీసీ బిగించొద్దు, మధ్యలో మెటల్ కనెక్షన్ పైపు ఉండాల. కొళాయిలు వచ్చే కాడ బ్రాస్ థ్రెడ్ ఉన్న ఎల్బోలే. పూత పూయకముందు టేప్ పట్టి ప్రతి గోడ ఫోటో తీసుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు మీకే పనికొస్తాది.

కర్నూలు నుంచి (అడిగింది నేనే):
డక్ట్‌లో విప్పించినాం, అక్కడ నీళ్లు బాగానే వస్తున్నాయి గానీ ఆ కామన్ పైపు కూడా చూస్తే భయమేసింది, క్లాంపుల కాడ పొట్టు రాలుతోంది. దాని ఖర్చు ఎవరిది? కింది ఫ్లోర్ వాళ్లు మాకు నీళ్లు బాగానే వస్తున్నాయి మాకెందుకంటున్నారు.

అనంతపురం నుంచి:
మన ఆంధ్రప్రదేశ్ 1987 అపార్ట్‌మెంట్ చట్టం ప్రకారం అందరూ వాడే ట్యాంకు, మోటారు, వాటి పైపులు కామన్ కిందకే వస్తాయక్కా, వాటాల ప్రకారం అందరూ పెట్టుకోవాల. చట్టం చెప్తే ఎవరూ వినరులే, పోయి కింది ఫ్లోర్ ఆయన్ని డక్ట్ కాడికి పిలిచి ఆ పొట్టు చేతిలో పెట్టండి. ఒకవేళ ఒప్పుకుంటే ఎండ తగిలే చోట సీపీవీసీకి పెయింట్ వేయమనండి, ఎండకి గట్టిపడి పెళుసవుతాది.

కర్నూలు నుంచి (అడిగింది నేనే), మూడు వారాల తర్వాత:
పని అయిపోయింది. నాలుగు రోజులు పట్టింది, నీళ్లు లేని రోజులు రెండే, అప్పుడు పక్కింటి నుంచి బిందెలతో తెచ్చుకున్నాం. పైన లైన్ తీసి దింపుకున్నాం, బండ ఒక్కటి కూడా కదల్లేదు. మాకు 42 వేలయింది, అందులో టైల్స్ అతుకుల పనే పదివేలు, అదే రంగు దొరక్క కొళాయిల కింద వేరే రంగు పట్టీ వేయించినాం, చూడ్డానికి కావాలని వేయించినట్టే ఉంది. అదే బకెట్ ఇప్పుడు రెండు నిమిషాల్లో నిండుతోంది. కామన్ పైపుకి మాత్రం ఇంకా మీటింగే పెట్టలేదు.

ఒకటి మాత్రం మిగిలింది. పాత లైన్ కట్టేసి ఇన్నాళ్లయినా హాల్ గోడ ఆరలేదు, పైగా ఆదివారం ఎక్కువవుతాంది. పైనింట్లో ఆదివారమే వాషింగ్ మెషీన్ వేస్తారు.

కర్నూలు నుంచి (ప్లంబింగ్ పనే నాది):
అయితే అది పైవాళ్ల నహానీ ట్రాపే (బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ కింద ఉండేది) అయ్యుంటాదమ్మా. వాళ్ల మెషీన్ పైపు వదిలే కాడ నీళ్లలో కొంచెం నీలిమందు కలిపి పోయమను, రెండు రోజుల్లో మీ గోడకి నీలం కనబడితే ఇంక వాదన ఉండదు. సున్నం ఇప్పుడే వేయించొద్దు.