లంక గ్రామంలో బాగోగులు కొలవడానికి ఏ సూచీ?

ప్రశ్న: కోనసీమలోని ఒక లంక గ్రామంలో ఇంటింటి సర్వే పెట్టుకున్నామండి. తలసరి ఆదాయం ఒక్కటే చాలదు కదా. హెచ్‌డీఐ (ఆయుర్దాయం, చదువు, ఆదాయం కలిపిన మానవాభివృద్ధి సూచీ) లెక్కకట్టొచ్చా?

జవాబు 1: వద్దండి. ఒక్క ఊళ్లో ఏటా జరిగే మరణాలు మరీ తక్కువ, ఆయుర్దాయం అంకె నిలవదు. ఇంటింటి లోపాలను కూడి చూసే బహుముఖ పేదరిక సూచీ నయం. దాని ప్రపంచ రూపంలో పోషకాహారం, శిశుమరణాలు, చదివిన ఏళ్లు, బడి హాజరు ఒక్కోదాని బరువు 1/6. వంట ఇంధనం, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు, ఇల్లు, ఆస్తులు ఒక్కోటి 1/18. ఇంట్లో ఉన్న లోపాల బరువుల మొత్తం 1/3 చేరితే ఆ ఇంట్లో అందరూ పేదల లెక్కే. ఇళ్లను కాదు, మనుషుల్ని లెక్కేయాలి. తప్పులు పడేది ఇక్కడే.

జవాబు 2: ఇదే సూచీకి నీతి ఆయోగ్ ఇచ్చే మన దేశపు అంకెతో పోల్చాలంటే 12 సూచికలండి. గర్భిణుల సంరక్షణ, బ్యాంకు ఖాతా అదనం, బరువులూ మారతాయి. నీళ్ల దగ్గర జాగ్రత్త: కుళాయి ఉంటే లోపం లేనట్టే, ఉప్పునీళ్లొచ్చినా సరే! కొనే నీళ్ల టిన్నుల ఖర్చు వేరే గడిలో రాయండి.

ప్రశ్న వేసినవారు: వరదల్లో దారి మునిగే రోజుల సంగతేంటి?

జవాబు 2: అవీ విడిగానే. సూచీలో కలిపితే పోలిక పోతుంది.