ఒక్క గూడ్స్ వ్యాగన్ మోడల్‌కి ఇంత ధర ఎందుకు? కొన్నవాళ్లు, చేసినవాళ్లు చెప్పండి

కొత్త_పట్టాలు:
నెల రోజులుగా ఎచ్‌ఓ స్కేల్ వ్యాగన్ల కోసం వెతుకుతున్నాను. అంటే అసలు బండిలో 87వ వంతు. మామూలు బాక్స్‌కార్, అంటే నాలుగు పక్కలా మూసిన గూడ్స్ పెట్టె, అరచేతిలో పడుతుంది. మోటారు లేదు, లైటు లేదు, చప్పుడు లేదు. తలుపు కూడా తెరుచుకోదు. ధర చూసి రెండుసార్లు పేజీ మూసేశాను. మనలాంటివాళ్ల పిచ్చిని చూసి దండుకుంటున్నారా, నిజంగానే అంత ఖర్చవుతుందా?

అచ్చుపని:
ప్లాస్టిక్ అచ్చుల యూనిట్‌లో చాలాకాలం పనిచేశాను, రైలు బొమ్మలు కాదు గానీ పని అదే. ప్లాస్టిక్ ఖరీదు మర్చిపోండి, అది లెక్కలోకే రాదు. డబ్బంతా స్టీల్ డైలోనే, అంటే ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చులోనే ఉంటుంది. బాక్స్‌కార్ గోడల మీద నిలువు పట్టీలుంటాయి, రెండు చివర్లా ముడతల రేకు, పైన కప్పు. అన్నీ ఒకే ముక్కగా రావాలంటే డైకి నాలుగు పక్కలా జరిగే స్లైడ్లు పెట్టాలి. లేకపోతే అచ్చు లోంచి పెట్టె బయటికి రాదు. ఆ స్లైడ్లు కలిసేచోట సన్నటి గీత పడకుండా చూడటానికే వారాలు పడుతుంది.

లెక్క కోసం డై ఖర్చు ఒక లక్ష అనుకుందాం, ఏ దేశపు డబ్బయినా సరే. 500 వ్యాగన్లు అమ్ముడైతే ఒక్కోదాని మీద 200 పడుతుంది. 5,000 అమ్ముడైతే 20. పిల్లల బొమ్మలు లక్షల్లో పోతాయి. ఫలానా రైల్వే ఫలానా కాలంలో నడిపిన ఫలానా వ్యాగన్ ఎంతమందికి కావాలి చెప్పండి?

గూడ్స్‌గార్డు:
అదొక్కటే అయితే పాత కిట్లు అంత చవగ్గా ఎలా ఇచ్చారండీ? నేను మొదలుపెట్టిన రోజుల్లో ఏథర్న్ అనే కంపెనీ నీలం అట్టపెట్టెలో ఇచ్చే కిట్లుండేవి. పై డొల్ల, అడుగు పలక, బరువు కోసం ఇనుప రేకు, చక్రాలు, పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కప్లర్లు. స్క్రూడ్రైవర్ ఉంటే గంటలో వ్యాగన్ తయారు. డజన్ల కొద్దీ కొన్నాను.

అచ్చుపని:
గార్డుగారూ, జవాబు మీరే చెప్పేశారు కదా, బిగించింది మీరు! కూలీ మీది. పైగా ఒకే డైని దశాబ్దాల తరబడి వాడారు, దాని ఖర్చు ఎప్పుడో తీరిపోయింది. నిచ్చెన మెట్లు, పట్టుకునే కమ్మీలు అన్నీ గోడకే అతుక్కుని ఉబ్బుగా ఉండేవి. ఇప్పటి వ్యాగన్‌కి ప్రతి కమ్మీ విడిగా సన్నటి తీగ. ఫ్యాక్టరీలో ఎవరో పట్టుకారుతో ఒక్కొక్కటే రంధ్రంలో గుచ్చాలి. కింద బ్రేకు గొట్టాలూ అంతే. ఆ పని ఇప్పటికీ చేత్తోనే, ఎక్కువగా చైనాలో. అక్కడా జీతాలు ముందులా లేవు.

గూడ్స్‌గార్డు:
ఒప్పుకుంటున్నా. కానీ రెండడుగుల దూరం నుంచి చూస్తే నా కంటికి రెండూ ఒకటే. చత్వారం వల్ల కలిగిన లాభం ఇదొక్కటి.

రంగులడబ్బా:
రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. వ్యాగన్ మీద అక్షరాలు వేసేది ప్యాడ్ ప్రింటింగ్‌తో. మెత్తటి రబ్బరు ముద్ద పలక మీది సిరాని ఎత్తి గోడ మీద అద్దుతుంది. ఒక్కో రంగుకి ఒక పలక, ఒక అద్దుడు. మూడు రంగుల లోగో అంటే ఒక్కో గోడకి మూడుసార్లు. రెండో అద్దుడు వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ డొల్ల పక్కన పడేయాల్సిందే. దానికి తోడు మనందరికీ వ్యాగన్ నంబర్లు వేర్వేరుగా కావాలి! ఒకే నంబరుతో పది పెట్టెలు వరసగా వెళ్తే మనమే వెక్కిరిస్తాం. నంబరు మారినప్పుడల్లా కొత్త పలక.

అమెరికాలో లోగోల గొడవ కూడా నడిచింది. యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ తన పేరూ గుర్తులూ వాడినందుకు మోడల్ కంపెనీల దగ్గర లైసెన్సు రుసుము అడిగింది, కోర్టుల దాకా వెళ్లింది. 2006లో మోడల్ రైళ్లకి ఆ రుసుము వదిలేసింది.

రాత్రి_పాసింజరు:
ఎన్ స్కేల్‌కి మారితే చవకా? సైజు దాదాపు సగమే కదా.

అచ్చుపని:
అందరూ పడే పొరపాటే ఇది తమ్ముడూ. 1:160కి వెళ్తే పట్టే ప్లాస్టిక్ ఆరో వంతుకి తగ్గుతుంది. కానీ ప్లాస్టిక్ ఖర్చు ముందే లేదన్నాం కదా! డై ఒకటే, స్లైడ్లు అన్నే, అద్దుళ్లు అన్నే, పైగా పని ఇంకా సన్నం. ఎన్‌లో మిగిలేది బల్ల మీది చోటే. ఆ మిగిలిన చోట్లో ఇంకో ముప్పై వ్యాగన్లు పట్టిస్తాం, అది వేరే కథ.

రబ్బరుఅచ్చు:
డై లేకుండా చేసే దారి నాది, రెజిన్ పోత, అంటే పోశాక గట్టిపడే ద్రవంతో. మార్కెట్లో లేని ఒక పాత ట్యాంకర్ కావాల్సి వచ్చి మొదలుపెట్టాను. ముందు ప్లాస్టిక్ షీటుతో ఒక అసలు నమూనా చేయాలి. నాకు నాలుగు నెలలు పట్టింది, సాయంత్రాలు మాత్రమే. దాని చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీయాలి, ఆ అచ్చులో రెజిన్ పోయాలి. మొదటి ఆరు పోతలకీ నిచ్చెనల దగ్గర గాలి బుడగలే. తర్వాత చేయి కుదిరింది. 27వ పోతకి రబ్బరు మూల చిరిగిపోయింది, మళ్లీ కొత్త అచ్చు.

సామాను ఖర్చు మాత్రమే చూస్తే దుకాణంలో దొరికే వ్యాగన్ కన్నా కొంచెం తక్కువే పడింది. నా గంటలు కలిపితే అసలు లెక్కే వేయకూడదు. స్నేహితులు పది కొంటామన్నారు, చివరికి ముగ్గురు కొన్నారు. చిన్న తయారీదారులు ఎందుకు మూసేస్తారో అప్పుడర్థమైంది.

రాత్రి_పాసింజరు:
మరి త్రీడీ ప్రింటరు?

రబ్బరుఅచ్చు:
ఇప్పుడు నమూనా దానితోనే చేస్తున్నాను, నాలుగు నెలల పని నాలుగు వారాలైంది. అయితే కంప్యూటర్లో గీయడం మనమే. ప్రింటయ్యాక ఆల్కహాల్‌లో కడిగి, ఊతపుల్లలు తీసి, అతినీలలోహిత కాంతిలో గట్టిపడనివ్వాలి. పొడవాటి కప్పులు వంకర పోతాయి, సన్నటి కమ్మీలు తుమ్మితే విరుగుతాయి. వ్యాగన్ డొల్లకి బాగుంది. చక్రాల ఫ్రేములు మాత్రం కొనుక్కుంటాను, ఇరుసు సులువుగా తిరగాలంటే నున్నటి గట్టి ప్లాస్టిక్కే కావాలి.

సిగ్నల్_దాటాక:
చక్రాల ఫ్రేములంటే గుర్తొచ్చింది, నా కథ వినండి. ఒకచోట ‘బోగీలు, జత’ అని చాలా తక్కువ ధరకి కనిపించాయి. మనకి బోగీ అంటే పెట్టె మొత్తం కదా! రెండు ప్యాసింజరు బోగీలు ఇంత చవకా అని సంబరపడి నాలుగు జతలు ఆర్డరు పెట్టాను. ఇంటికొచ్చింది అగ్గిపెట్టెంత పొట్లం. ఇంగ్లీషు మోడల్ భాషలో బోగీ అంటే కింద ఉండే చక్రాల చట్రమట. వాపసు తీసుకోలేదు. ఎనిమిది బోగీలున్నాయి, పైన పెట్టెలు లేవు. రబ్బరుఅచ్చు గారూ, ఏమైనా ఉంటే చెప్పండి.

రబ్బరుఅచ్చు:
నాలుగు వ్యాగన్లకి సరిపోతాయి కదా, ట్యాంకరు డొల్లలున్నాయి. పంపిస్తా, బుడగలు ఉన్నవైతే ఉచితం.

గూడ్స్‌గార్డు:
కొత్త_పట్టాలు గారికి అసలు విషయం చెప్పాలి. పెట్టె మీది ధర దగ్గర ఆగితే లెక్క తప్పుతుంది. చవక వ్యాగన్ కొన్నాక నేను చేసేవి ఇవీ: ప్లాస్టిక్ చక్రాలు తీసి లోహపువి వేస్తాను, ప్లాస్టిక్ వాటి వల్ల పట్టాల మీద మురికి త్వరగా పేరుకుంటోంది. కప్లర్లు మార్చి కేడీ వారి లోహపువి వేస్తాను. ముప్పై పెట్టెల బండిని ఎత్తుమీదికి లాగితే ప్లాస్టిక్ కప్లరు వంగి విడిపోయింది, వెనక సగం బండి వెనక్కి జారి బల్ల మీంచి నేల మీద పడింది. ఆ రోజు పోయినవాటి ఖరీదుతో అన్నిటికీ మంచి కప్లర్లు వచ్చేవి.

తర్వాత బరువు. అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫార్సు ప్రకారం ఎచ్‌ఓ వ్యాగన్‌కి మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ మరో 14 గ్రాములు. 6 అంగుళాల వ్యాగన్ 112 పైచిలుకు తూగాలి. చవకవి చాలావరకు తూగవు, వంపు రాగానే పట్టాలు దిగుతాయి. ఇవన్నీ కలిపితే ఖరీదైన వ్యాగన్‌కీ దీనికీ తేడా సగానికి సగం తగ్గిపోతుంది.

రంగులడబ్బా:
ఇంకొకటి, ముందస్తు బుకింగులు. కంపెనీలు బొమ్మ గీసి ప్రకటించి బుకింగులు చూసి తయారీ మొదలుపెడతాయి. చాలకపోతే రద్దు. తయారైతే ఒకే విడత, అయిపోతే అంతే. నేను ‘తర్వాత చవగ్గా దొరుకుతుందిలే’ అని ఆగిన వ్యాగన్ రెండేళ్లకి పాతసామాన్లలో కొత్తదాని కన్నా ఎక్కువకి కనిపించింది. ఆగి లాభపడ్డవీ ఉన్నాయి, ఎవరికీ నచ్చని రంగులైతే సగం ధరకి వస్తాయి. ఏది ఎటు పోతుందో నేనింతవరకు ఒక్కసారీ సరిగ్గా ఊహించలేదు.

కొత్త_పట్టాలు:
అందరికీ థ్యాంక్స్. దండుకుంటున్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం. గార్డుగారు చెప్పిన పాత కిట్లు నాలుగు, అట్టపెట్టె చిరిగినవి, ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. కొత్త వ్యాగన్ ఒక్కదాని ధరకి నాలుగూ వచ్చాయి. చక్రాలు, కప్లర్లు కొన్నాక ఆ ధరకి రెండున్నరే వచ్చినట్టయింది అనుకోండి. ఒక సందేహం, ఒక వ్యాగన్ కప్లరు మిగతావాటి కన్నా కొంచెం కిందికి ఉంది. ఏం చేయాలి?

గూడ్స్‌గార్డు:
చక్రాల ఫ్రేము స్క్రూ విప్పి, ఫ్రేముకీ పెట్టెకీ మధ్య పల్చటి వాషరు ఒకటి వేయండి. రెండు చివర్లా వేయాలి, మర్చిపోకండి. ఒకవైపే వేసి నా వ్యాగన్ ఆర్నెల్లు ముక్కు పైకెత్తి తిరిగింది.