పెరటి మల్బరీని మోడు చేయవచ్చునా?

పెరటి నీడ, విజయవాడ:

మా పెరట్లో నాలుగేళ్ల మల్బరీ ఉంది. హిందూపురం నుంచి బంధువులు తెచ్చిన కొమ్మ నాటితే పెరిగినది. రకం పేరు ఎవరికీ గుర్తులేదు. మోకాలెత్తున నరికితే విరగకాస్తుందని ఒకరు చెప్పగా నిరుడు సంక్రాంతి తరువాత అలాగే కోయించాను. ఆకులు అరచేతిని మించి వచ్చాయి గాని, పండ్లు రెండు గుప్పెళ్లకు మించలేదు. అంతకు ముందు ఏడాది ఏమీ చేయకుండానే ఇంతకంటే బాగా కాసింది. ఇంతకీ కత్తిరించడం మంచిదా, వదిలేయడం మంచిదా?

పట్టుతోట, హిందూపురం:

కత్తిరించవలసిందేనండి. మా వైపు పట్టుపురుగుల మేతకు వేసిన తోటలను ఏడాదికి ఐదారు సార్లు కోస్తాము. నేలకు జానెడు ఎత్తున కోసినా ఎరువూ నీరూ అందితే చెట్టు మళ్లీ లేస్తుంది. వదిలేస్తే మూడేళ్లలో మేడ ఎత్తుకు పోతుంది, పైకొమ్మల పండ్లన్నీ గోరింకలూ పిగిలిపిట్టలూ తింటాయి, మీకు మిగిలేది గచ్చు మీద ఊదారంగు మరకలే. పొట్టిగా ఉన్న చెట్టుకైతే వల కప్పవచ్చు. పైగా చిగుళ్లు ముడుచుకుపోయే టుక్రా సోకినప్పుడు, ఆ కొనలను తుంచి కాల్చడానికి చెట్టు చేతికి అందాలి కదా.

కణుపు, రాజమహేంద్రవరం:

పట్టుతోట గారు చెప్పినదంతా ఆకు కోసం పెంచేవారి అనుభవం. అడిగినవారికి కావలసినది పండు. మల్బరీ పూత కొత్త రెమ్మ మీదే వస్తుంది గాని, ఆ రెమ్మ ఎక్కడ నుంచి పుట్టిందన్నదే అసలు సంగతి. నిరుటి కొమ్మ కణుపుల నుంచి వచ్చిన రెమ్మలు పూతతో పుడతాయి. మోడు నుంచి తన్నుకొచ్చే పిలకలు ఎక్కువగా ఆకుకే బలం పెడతాయి. చలి దేశాల్లో శీతాకాలం ఆకు రాల్చి చెట్టును నిద్రపుచ్చుతుంది. మన కోస్తాలో ఆ పని తోటమాలి చేతులే చేయాలి. అందుకని నేను కొమ్మలను మూడో వంతు మాత్రమే కుదించి, మిగిలిన ఆకులన్నీ దూసేస్తాను. తొడిమ ఊడిన చోట తెల్లని పాలు కారి ఆరిపోతాయి. పది పన్నెండు రోజులకు మొగ్గ పగిలి, ఇంకా విప్పుకోని ఆకు మడతలోనే చిన్న పచ్చని గొంగళిపురుగులా పూగుత్తి కనిపిస్తుంది. సంక్రాంతికి దూస్తే ఉగాదికి ముందే పండ్లు తింటాము. నడివేసవిలో మాత్రం ఈ పని చేయకండి; ఆకు లేని బెరడు ఎండకు కమిలిపోతుంది.

ఒక మాట అడగాలి: పూత పసుపు పొడి రాల్చి మొత్తంగా ఊడిపోతున్నదా? మల్బరీలో మగపూలు మాత్రమే వేసే చెట్లుంటాయి. వాటికి ఎంత కత్తెర వేసినా పండు రాదు. మీది కొద్దిగానైనా కాసింది కనుక ఆ భయం లేదు. ఆడచెట్టుకు పుప్పొడి అందకపోయినా కాయ నిలవగలదు.

పట్టుతోట, హిందూపురం:

ఆకు దూయడం గురించి ఒప్పుకుంటాను. మోడు చేయడం తప్పని మాత్రం ఒప్పుకోను. చెట్టు చేయి దాటిపోయినప్పుడు ఒక ఏడాది పండు వదులుకుని దించక తప్పదు, ఆ తరువాతి ఏడాది మీ పద్ధతి పాటించవచ్చు. మా ప్రాంతం కొమ్మ కనుక అది వీ-1 కావచ్చునని నా ఊహ. మైసూరు పరిశోధన సంస్థ ఆ రకాన్ని ఆకు దిగుబడి కోసమే తయారుచేసింది, కాబట్టి బుట్టలకు బుట్టలు ఆశించకండి.

పెరటి నీడ, విజయవాడ:

అయితే పండ్ల కోసం నర్సరీలో మోరస్ నైగ్రా (నల్ల మల్బరీ జాతి) అని అమ్ముతున్న మొక్క తెచ్చుకోవడం మేలా?

కణుపు, రాజమహేంద్రవరం:

తొందరపడకండి. అసలైన నైగ్రా చల్లని శీతాకాలం కోరే చెట్టు, విజయవాడ ఎండల్లో దానితో వేగడం కష్టం. పండు నల్లగా ఉన్నంత మాత్రాన అది నైగ్రా కాదు. మన ఊళ్లలో కాసే మామూలు మల్బరీ కూడా పండితే నల్లబడుతుంది. అలా నల్లబడి, తాకగానే రాలే దాకా ఆగి కోయండి. ఎర్రగా ఉండగా కోసినది ఇంట్లో మాగదు, పులుపు పోదు.

పెరటి నీడ, విజయవాడ:

అలాగైతే ఈ సంక్రాంతికి దక్షిణం వైపు రెండు కొమ్మలను కుదించి ఆకు దూస్తాను, ఉత్తరం వైపువి ముట్టుకోను. ఉగాది నాటికి ఏ వైపు ఎన్ని కాసిందో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.

పట్టుతోట, హిందూపురం:

మంచిది. కోసిన కొమ్మలను పారేయకండి. పెన్సిల్ మందం ఉన్నవాటిని మూడు నాలుగు కణుపుల ముక్కలుగా కోసి, ఒక్క కణుపు పైకి ఉండేటట్లు నీడలో నాటి తడి ఆరకుండా చూడండి.